మార్జిన్ మడిచిన అర్జీ

మొన్న మా తమ్ముడి మనవరాలు టీవీ పెట్టింది. ఢిల్లీలో పెద్ద కోర్టు ముందు ఇద్దరు కుర్రాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, మాకూ పెళ్లి హక్కు కావాలని మైకుల ముందు చెబుతున్నారు. ఇలాంటి వాళ్లను జైల్లో వేసే సెక్షను ఇదివరకే పోయిందట. ఇప్పుడు పెళ్లి కోసం పోరాటమట. "పాపం కదా తాతా" అంది పిల్ల. నాకు పాపం అనిపించలేదు, కడుపు మండింది. పట్టపగలు అట్లా చేయి పట్టుకునేందుకు వీళ్లేం పుణ్యం చేసుకున్నారని కుళ్లుకున్నాను. ఈ వయసులోనూ కుళ్లుకోవడం మాత్రం మరిచిపోలేదు.

యాభైల్లో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, నేనక్కడ ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పత్తికొండ పక్క పల్లెలో మాకు అంగడి ఉండేది. అంగడికి ఎదురింటి రైతు కొడుకు నా ఈడువాడు. బడికి పోని అతనికి అక్షరాలు నేర్పింది నేనే. సెలవుకు వెళ్లినప్పుడల్లా అతను ఎద్దులతో బావినీళ్లు తోడే కపిలె తోలుతుంటే బావిగట్టున కూర్చునేవాడిని. ఊరు దాన్ని స్నేహమనుకునేది. అది స్నేహం కాదని మా ఇద్దరికీ తెలుసు. ఎవరూ లేనప్పుడు చేయి పట్టుకునేవాళ్లం. జన్మలో పెండ్లి చేసుకోకూడదని ఆ గట్టు మీదే మాట ఇచ్చుకున్నాం.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. వాన రాకపోతే మా వైపు ఇద్దరు మగవాళ్లకు పెండ్లి చేసేవాళ్లు. ఒకరికి చీర కట్టి, ఇద్దరికీ బాసికాలు కట్టి, మేళంతో ఊరేగిస్తే వానదేవుడు కరుగుతాడని నమ్మకం. ఆ ఏడు పెండ్లికూతురిగా అతన్ని ఎంచారు. నేను ఊళ్లోనే ఉన్నాను. సిగ్గు విడిచి, పెండ్లికొడుకుగా నేను నిలబడతానన్నాను. ఊరిపెద్ద పగలబడి నవ్వాడు.

"నువ్వు అంగడోనివి కదప్పా! వాన రాకుంటేనే మీకు జొన్నల ధర పెరిగేది. నిన్ను నిలబెడితే వానదేవుడు నమ్ముతాడా?"

అందరూ నవ్వారు. పెద్దరైతు కొడుకును నిలబెట్టారు. ఏపుగా పెరిగిన మనిషి, కోరమీసం. నా వాడి మెడలో వాడు పసుపుతాడు కట్టాడు. ఊరంతా జొన్నలు తలంబ్రాలుగా పోసింది, ఆడవాళ్లు హారతి పట్టారు. నేను బావిగట్టున దొంగతనంగా పట్టుకునే చేతిని వాడు నడివీధిలో పట్టుకుని నడిచాడు. నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. మూడోనాడు వాన పడింది. ఇక చూడాలి వాళ్ల వైభోగం! పెద్దరైతు భార్య అతన్ని "ఏమ్మే కోడలా" అని పిలిచి కొత్త పంచె పెట్టింది. సంతకు ఇద్దరూ ఒకే బండిలో పోయేవాళ్లు.

"ఆటే కదప్పా, ఊరి కోసం చేసినాం. నువ్వెందుకు ఇట్ల ఉడుక్కుంటాండావు?" అన్నాడతను.

"ఆటయితే ఆ తాడు తీసెయ్."

"పంట ఇంటికొచ్చేదాకా తియ్యగూడదంట."

ఆ మాటతో కర్నూలు వచ్చేశాను. ప్లీడరు బీరువాలో శిక్షాస్మృతి ఉండేది. మాలాంటి వాళ్లను జైల్లో వేసే మూడువందల డెబ్బై ఏడో సెక్షను నాకు కంఠస్థం. నా భయం కొద్దీ ఎన్నోసార్లు తలుపేసుకుని చదువుకున్నదే. అదే పేజీ తెరిచి పెట్టుకుని, ఎడమ చేత్తో పోలీసులకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. వానపెండ్లి నెపంతో వాళ్లిద్దరూ నిజంగానే కాపురం చేస్తున్నారని, సెక్షనుతో సహా. ఆ మీసాలవాడు అతన్ని వదిలిపెట్టాలి. నాకు కావలసింది అంతే.

ఇద్దరినీ స్టేషనుకు పిలిచారు. పెద్దరైతు వెళ్లి ఒక మాట చెబితే కొడుకు ఆ పూటే ఇల్లు చేరాడు. నా వాడి తరఫున చెప్పేవాళ్లు లేరు. రెండు రోజులు ఉంచుకుని కొట్టారు, కేసు మాత్రం రాయలేదు. చీర కట్టించి హారతి పట్టిన ఊరే అతని మొహాన ఉమ్మింది. పరువు దక్కాలని ఇంట్లోవాళ్లు ఆగమేఘాల మీద పెండ్లి కుదిర్చారు.

పెండ్లి వారం ఉందనగా కర్నూలు వచ్చాడు. కంటి కింద నలుపు ఇంకా పోలేదు. ప్లీడరు కోర్టులో ఉన్నాడు, గదిలో మేమిద్దరమే.

"ఎవరు రాసినారో తెలిసిందా?" అన్నాను నంగనాచిలా.

అతను దగ్గరికి వచ్చాడు. నా మేజా మీది తెల్లకాగితం తీసుకుని, ఎడమవైపు పావువంతు మడిచి, గోటితో గీసి, మళ్లీ విప్పాడు. అర్జీ రాసే ముందు మార్జిన్ కోసం గుమాస్తాలం చేసే పని అది. అలవాటు కొద్దీ అతనికి రాసే ఉత్తరాలు కూడా అట్లాగే మడిచేవాడిని, అతను ఎగతాళి చేసేవాడు. ఆకాశరామన్న ఉత్తరానికీ మడిచానని అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి మార్చాను గానీ మడత మానలేదు.

"టేషన్లో ఆ ఉత్తరం నా చేతికే ఇచ్చి సదవమన్యారప్పా" అన్నాడు. "సదివేది నువ్వే నేర్పిస్తివి కదా."

కాగితం నా ముందుకు జరిపాడు.

"ఆ సెక్షను నీకూ వర్తిస్తాది. నీ పేరు రాసేకి నాకూ వస్తాది. రాయలేదు, రాయను. పెండ్లికి మాత్రం రావద్దు."

కాళ్ల మీద పడాల్సింది. తప్పయిందని ఒక్క మాటైనా అనాల్సింది. అతను గడప దాటుతుంటే నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే.

"పిల్ల బాగుంటాదా?"