ఆరో పెట్టె మీద పసుపు బిళ్ల

మొన్న గురువారం మా అశోక్‌నగర్ ఫ్లాట్‌కి ఇన్వర్టర్ కోసం కొత్త బ్యాటరీ వచ్చింది. బిగించడానికి వచ్చినతను దాన్ని గోడవారకు జరుపుతుంటే పక్కనున్న స్టిక్కర్ నా కంటపడింది. మూల మీద నిలబెట్టిన పలకలాంటి బొమ్మలో రెండు గొట్టాల నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఒకటి ఇనుప కడ్డీని తినేస్తోంది, రెండోది ఒక చేతిని. "ఇది పీకేయాల్నా అమ్మా, చూస్తే మంచిగ లేదు" అని అతను అడిగితే, ఉండనీ నాయనా అన్నాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

తొంభైల మొదట్లో నేను నారాయణగూడలో ఒక రసాయనాల దుకాణంలో గుమాస్తాగా ఉండేదాన్ని. జిల్లాల్లోని కాలేజీలకు ఆసిడ్లు, స్పిరిట్లు పార్శిళ్లు కట్టి పంపేవాళ్లం. ప్రమాదమైన సరుకు బండి ఎక్కేముందు పెట్టె మీద దాని గుణం చెప్పే బిళ్ల అంటించాలన్నది నిబంధన. ఒంటిని కాల్చేదానికి నలుపు తెలుపు, తొందరగా అంటుకునేదానికి ఎరుపు, తాను మండకపోయినా పక్కవాటిని మండించేదానికి పసుపు. నైట్రిక్ ఆసిడ్‌కి నలుపు తెలుపుదీ పసుపుదీ రెండూ ఉండాలి. గడ్డి తగిలితే రాజేస్తుంది గనుక ఆ సీసాల చుట్టూ మట్టిపొడే నింపేవాళ్లం. బిళ్లలు చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో అచ్చు వేయించేవాళ్లం. వచ్చినవెన్ని, అంటించినవెన్ని, మిగిలినవెన్ని అని ప్రతి సాయంత్రం తేల్చుకుంటే గానీ నేను ఇంటిదారి పట్టేదాన్ని కాదు.

నా రిజిస్టర్‌లో ఒక్క కొట్టివేత కూడా ఉండదని మా యజమాని వచ్చినవాళ్లకల్లా చూపించేవారు, నేను పైకి విననట్టు ఉండి లోపల మురిసిపోయేదాన్ని. దానికి నాదొక పద్ధతి ఉండేది. సాయంత్రం హడావిడిలో రాస్తే అక్షరం చెడుతుందని, ఆ రోజు వెళ్లవలసిన పెట్టెలన్నిటికీ పొద్దున్నే, చేతికి జిగురు అంటకముందే, "రెండు బిళ్లలు అంటించడమైనది" అని రాసేసుకుని తర్వాత అంటించేదాన్ని. నాలుగేళ్లలో రాతకీ చేతకీ తేడా రాలేదు.

మా సరుకు ముషీరాబాద్‌లో ఒక లారీ పార్శిల్ గోదాముకు చేరేది. అక్కడి హమాలీల్లో పాలమూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మా పెట్టెలే చూసుకునేవారు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దే అయినా నన్ను అక్కా అనేవారు, నేను అన్నా అనేదాన్ని. చదువు లేదు. బిళ్లల రంగులన్నీ నేనే ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాను. "గాలిపటాల లెక్కనే ఉన్నయి గదక్కా! ఎర్రదాని కాడ బీడీ బంద్, నల్లదాంతోని చెయ్యి పైలం, పసుపుదానికి గడ్డి దూరం, గంతే గదా" అని ఒక్కసారికే అప్పజెప్పి నవ్వారు. ఆ తర్వాత ఆయన ఏనాడూ తప్పలేదు.

ఆ శనివారం వరంగల్ వైపు వెళ్లవలసిన నైట్రిక్ ఆసిడ్ పెట్టెలు ఆరు. పొద్దున్నే ఆరు పెట్టెలకూ రాసేశాను. మధ్యాహ్నం డ్రాయర్ తీస్తే, ముందురోజు లెక్కలో ఆరున్న పసుపు బిళ్లల్లో ఒకటి చిరిగి ఉంది, పనికొచ్చేవి ఐదే. ప్రెస్సువాళ్లు కొత్తవి సోమవారం ఇస్తామన్నారు. ఆరో పెట్టెను ఆపాలంటే రిజిస్టర్‌లో ఆ వరస కొట్టివేయాలి. నాలుగింటికి ఆటో వచ్చింది. గోదాములో అన్నకు ఒక మాట చెప్పమని ఆ డ్రైవర్‌తో అనవచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. అలా అంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, ఒక్క పెట్టెకు ఏమవుతుందిలే అని, ఆరోదాన్ని నలుపు తెలుపు బిళ్ల ఒక్కదానితోనే ఎక్కించి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున ఆ పెట్టెలో సీసా ఒకటి పగిలి కారింది. పసుపు బిళ్ల ఉన్న ఐదింటినీ ఆయన దూరంగా, గచ్చు మీద విడిగా పెట్టారు. ఆరోదాన్ని మిగతా ఆసిడ్ల వరసలో, గడ్డి చుట్టిన గాజుసామాను పక్కన పెట్టారు. గోధుమరంగు పొగ లేచి గడ్డి అంటుకుంది. గోదాములో ఇంకా నలుగురున్నారని, మంట ఎర్ర బిళ్లల పెట్టెల దాకా పోకూడదని, ఆయన ఉత్త చేతులతోనే ఆ పెట్టెను బయటికి లాగేశారు. ప్రాణాలన్నీ దక్కాయి. ఆయన కుడిచేతి మీద తోలు మిగల్లేదు. పెట్టె బూడిదైంది.

బుధవారం పదకొండు గంటలకు గోదాము ఆఫీసులో పంచాయితీ పెట్టారు. మా యజమాని వెంట నేను రిజిస్టర్ పట్టుకుని వెళ్లాను. "పసుపు బిళ్ల కనబడలేదా, తాగినవా ఏంది?" అని మేనేజర్ గద్దించాడు. "కల్లు ముట్టక మూడేండ్లాయె సారూ. ఆ ఒక్కదాని మీద పసుపుది లేకుండె" అని ఆయన కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని నా వైపు తిరిగారు. "అక్కా, నువ్వు జెప్పు. ఉండెనా, లేకుండెనా?"

అందరూ నన్ను చూశారు. "రెండు బిళ్లలని రిజిస్టర్‌లో రాసి ఉంది" అన్నాను.

ఆయన నా పేజీ మీదికి వంగి, చదవలేని ఆ వరసను కాసేపు చూశారు. "అక్క రాసిందంటే ఉన్నట్టే సారూ. నా కండ్లే మోసం జేసినయేమో" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నిజం చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు యజమానితో చెబితే, అయిపోయినదాన్ని కెలకవద్దమ్మా అన్నారు. అక్కడి నుంచి నేరుగా రాంనగర్‌లో అన్న కిరాయికి ఉండే గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. "మొన్ననే ఊరికి పోయిండ్రమ్మా, చేత్తోని పని అయితలేదని" అంది పక్కింటామె. ఏ ఊరని అడిగితే, "పాలమూరు దిక్కు" అంది. నాకూ అంతకుమించి తెలియదు. బిళ్లల లెక్క ఒక్కటీ తప్పకుండా రాసుకున్నదాన్ని, నాలుగేళ్లలో ఆ మనిషి ఊరిపేరు అడగలేదు.

దుకాణం మూసేసిన రోజున ఆ రిజిస్టర్ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ వరసను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "ఒక్కటే" అని రాసి సంతకం పెట్టాను. మొత్తం పుస్తకంలో ఉన్న కొట్టివేత అదొక్కటే. చూడవలసిన మనిషికి చూపించలేకపోయాను.

ఇప్పుడు బిళ్లలు దుకాణాల్లో ఎవరూ అంటించడం లేదట, ఫ్యాక్టరీ నుంచే సరుకు మీద అంటి వస్తాయట. డ్రాయర్‌లో ఒకటి తక్కువ పడటం అనే బాధే లేదు. మంచిదే. రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ వెలిగినప్పుడల్లా నాకు మాత్రం ఆ స్టిక్కర్ మీది చెయ్యే కనిపిస్తోంది. ఉండెనా, లేకుండెనా అని ఆయన అడిగినదానికి జవాబులు రెండే. నేను మూడోది చెప్పాను.