ఒత్తు లేని బద్రం

విరుదునగర్‌లో మిరపకాయల బజారు వెనక, ఇరుకు మెట్లెక్కి వెళితే, మేడ మీద పచ్చబొట్టు పొడిచే కొట్టు ఉంది. కింద నుంచి మిరప ఘాటు, గదిలో స్పిరిట్ వాసన. మొన్న ఆదివారం పొద్దున అక్కడ కుర్చీలో చెయ్యి చాపుకుని కూర్చున్నాను. కొట్టు నడిపే మణి పని మొదలుపెట్టే ముందు దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీశాడు. అంతే, ఆ గంధకం వాసన ముక్కుకి తగలగానే నలభై ఒక్కేళ్ళ లెక్కల టీచరమ్మ ఎటో వెళ్ళిపోయింది. కోవిల్‌పట్టిలో రేకుల కప్పు కింద, మధ్యాహ్నపు ఎండ చారల్లో, కాళ్ళు చాపుకుని అగ్గిపెట్టెలు నింపుకునే పంతొమ్మిదేళ్ళ పిల్ల మిగిలింది. ఆ పిల్ల పక్కన ఆండాళత్త.

ఆండాళత్త మా పక్కింటావిడ. అగ్గిపెట్టెల కంపెనీలో మేం పనికి కూర్చునే వరుసకి పెద్ద కూడా. పన్నెండో తరగతి అయ్యాక చదువు ఆగిపోయి ఇంట్లో ఏడుస్తూ కూర్చున్న నన్ను ఆవిడే చెయ్యి పట్టుకుని పనికి తీసుకెళ్ళింది. పుల్లలు గుప్పిట్లోకి తీసుకోవడం, తలలన్నీ ఒకవైపు సర్దడం, పెట్టెలోకి జార్చడం, ఇవన్నీ ఆవిడ చేతుల్లో నిద్రలో జరిగే పనిలా ఉండేవి. చూస్తూ చూస్తూ నేనూ ఏవో లోకాల్లోకి జారిపోయేదాన్ని. ఒకరోజు అలాగే పరధ్యానంలో పట్టనన్ని పుల్లల్ని పెట్టెలోకి కుక్కాను. బుస్సుమని అంటుకుంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ తడి గోనెపట్టా నా ఒళ్ళో కొట్టి అదిమేసింది. రెండు వేళ్ళు కమిలాయి, అంతకుమించి ఏమీ కాలేదు.

"ఏమే, కలలు కనేది ఇంటి కాడ పెట్టుకో. ఈడ పుల్ల కూడా మేలుకొని ఉంటాది" అంది. తర్వాత నా వేళ్ళ మీద ఉఫ్ ఉఫ్‌మని ఊది, మెల్లగా, "బద్రం" అంది.

ఆ మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉండేది. బస్సెక్కేవాళ్ళకి బద్రం. నీళ్ళ బిందె ఎత్తుకున్న కోడలికి బద్రం. గోడ మీద నడిచే పిల్లికి కూడా బద్రమే! మేమంతా ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళమే కానీ ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. గడప దాటితే తమిళం. తెలుగు మాకు పొయ్యి దగ్గరి భాష, జోల భాష, తిట్ల భాష. ఆవిడ ఎడమ చేతి మీద చుక్కల ముగ్గు పచ్చబొట్టు ఉండేది. నొప్పెట్టలేదా అత్తా అని అడిగితే నవ్వింది. "సచ్చినాక నగలన్నీ ఊడదీసిదా పంపుతారు పాపా. ఇదొకటే నాతో వచ్చేది. దీన్ని ఎవురు ఊడదీసేది?" అంది. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో.

మళ్ళీ చదువుకోమని వెంటపడిందీ ఆవిడే. ఇరవై ఒకటో ఏట నెల్లూరులో ఒక ఇంగ్లీషు బళ్ళో చిన్నపిల్లల టీచరుగా పని దొరికితే, వేరుశెనగల కడలై మిఠాయి పొట్లం నా సంచిలో కుక్కి, బస్సు కిటికీ దగ్గర నిలబడి బద్రం బద్రం అని కళ్ళు తుడుచుకుంది. అక్కడ నా తెలుగు విని పిల్లలు, టీచర్లు పడీపడీ నవ్వారు. "నీది తెలుగా, అరవమా?" అన్నారు. కచ్చతో ఒకటో తరగతి వాచకం కొనుక్కుని, రాత్రీ పగలూ కూర్చుని అక్షరాలు నేర్చాను. ఒత్తులు నేర్చాను. గుండెల్లోంచి గాలి తీసి పలకడం నేర్చాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. మూడేళ్ళకి ఊరొచ్చేసరికి నా గొడుగు నా చేతిలోనే ఉంది.

ఆరోజు ఆండాళత్త ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు, ఆవిడ కూతురు సెల్వి కూడా. కాఫీ తాగి లేచాను. అత్త ఎప్పటిలాగే "బద్రంగా పో పాపా" అంది.

"బద్రం కాదత్తా, భద్రం. బ కింద ఒత్తుంటుంది. గాలి లోపల్నుంచి రావాలి. ఏదీ, అను."

పాపం, అంది. "బ... బహ... బద్రం." ఇంకోసారి అనమన్నాను. అంది. మూడోసారీ అనిపించాను. అందరూ నవ్వారు, అత్త కూడా నవ్వింది. నా నోరు పడిపోను, నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నెల్లూరులో నన్ను చూసి నవ్విన నవ్వు అచ్చం అలాంటిదే అని నాకు ఆ క్షణాన తట్టనే లేదు.

మర్నాడు వెళ్ళాను. "వామ్మా, ఉక్కారు. సాప్పిట్టియా?" అంది. రామ్మా, కూర్చో, తిన్నావా అని తమిళంలో. పోస్టుమ్యాన్‌తో, కరెంటు బిల్లువాడితో మాట్లాడే తమిళం. కోపం లేదు, ప్రేమగానే అంది. కాఫీ ఇచ్చింది, తల నిమిరింది. కానీ నేను గడప అవతలి మనిషినైపోయాను. ఆ తర్వాత పదహారేళ్ళు ఆవిడ నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. సెల్వి కూడా అంతే. ఒకసారి నిలదీస్తే, "మీ తెలుగు వేరే, మా తెలుగు వేరే అని అమ్మ చెప్పిందక్కా. మీ ముందర మాట్లాడేదానికి ఆమెకి సిగ్గు" అని, అదీ తమిళంలోనే చెప్పింది. క్షమించు అత్తా అందామని ఎన్నిసార్లు వెళ్ళానో. ఏ భాషలో అడగాలి? నోరు తెరిస్తే నెల్లూరు ఒత్తులు దొర్లుకుంటూ వచ్చేవి. రేపు రేపంటూ కాలం గడిచిపోయింది.

పోయినేడు విరుదునగర్ ఆసుపత్రిలో ఆఖరిసారి చూశాను. పచ్చబొట్టు చెయ్యి ఎముకకి అంటుకుపోయి, చుక్కలన్నీ దగ్గరగా జరిగాయి. నా మణికట్టు పట్టుకుని "పత్తిరమా పో మా" అంది. అదే మాట. తమిళంలో. నేను వరండాలోకి వచ్చి వెక్కివెక్కి ఏడ్చాను.

అందుకే ఈ వయసులో ఈ పిచ్చి పని. నెల రోజులు రోజూ ఉదయం బాల్ పెన్నుతో చేతి మీద తెలుగులో ఆ మాట రాసుకుని, బడికి వెళ్ళే ముందు కడిగేసుకునేదాన్ని. పెన్ను ప్రతిసారీ ఒత్తు దగ్గర ఆగి, అలవాటుగా గీత గీసేది. దాన్ని గీయకుండా ఉండడానికే నాకు నెల పట్టింది. తీరా మణి నేను రాసిచ్చిన కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి అచ్చక్షరాలుగా మారిస్తే అది తనంతట తనే దిద్దేసింది. చేతి మీద ఊదారంగు అచ్చు వేశాక చూస్తే ఒత్తుతో సహా భద్రం!

"తుడిచెయ్యి" అన్నాను.

"ఫోన్‌లో ఇదే సరైనదని చూపిస్తోందక్కా. తప్పు ఎక్కితే జన్మంతా ఉంటుంది."

"ఫోనుకి మా అత్త తెలియదు నాయనా. తప్పే పొడువు."

సూది నొప్పి పుట్టించింది, కాదనను. కళ్ళు మూసుకుంటే రేకుల కప్పు, ఎండ చారలు, పుల్లల గలగల. మధ్యలో ఎవరో వేళ్ళ మీద ఊదుతున్నట్టే ఉంది.

ఆ సాయంత్రమే బస్సెక్కి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వెళ్ళాను. సెల్వి నా చెయ్యి దీపం దగ్గరికి లాక్కుని చూసింది. దానికి తెలుగు చదవడం రాదు. ఏం రాసుందని తమిళంలో అడిగింది. పదిహేడేళ్ళుగా ఆ మాట నేను ఎవరి దగ్గరా పైకి అనలేదు. సరిగ్గా వస్తుందో, నోరు మళ్ళీ నెల్లూరు పోతుందో.

"బద్రం" అన్నాను.

సెల్వి నా చెయ్యి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఇంకోతూరి చెప్పక్కా" అంది. తెలుగులో.

చెప్పాను. మూడోసారీ అడిగింది, చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సెల్వి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"సెయ్యి తడుపుకోవాకు. ఈడనే కూసో, అన్నం నేనే కలిపి పెడతా" అంది.