బాస్ నిలవని మూల

పియానోని ఆ మూలనుంచి తీసేద్దామని డెస్ అన్నది పాట కోసమేనా, లేక అప్పటికే అతనికి అంతా తెలుసా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. అప్పటికి నలభై రెండేళ్ళు అతనితో కాపురం చేసిన నోలీన్‌కే దొరకలేదు.

డెస్ ప్రోసర్ వెస్టన్ అనే బొగ్గు గనుల ఊళ్ళో అందరిలాంటి మనిషే. ముప్ఫై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేశాడు, అందులో పద్దెనిమిదేళ్ళు డెప్యుటీగా. మనుషులు పనిలోకి దిగేముందు చేతికర్రతో గని పైకప్పు తట్టి, చప్పుడు విని, కింద నిలబడవచ్చో లేదో చెప్పడం అతని పని. గట్టి రాయి టంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డోలులా బోలుగా పలుకుతుంది. అతని షిఫ్టులో ఒక్క ప్రాణమూ పోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

పని మానేశాక అతనికి పట్టుకున్న పిచ్చి బాస్, అంటే పాటలో అన్నిటికంటే లోతైన స్వరం. వెనక గదిలో బట్టలుతికే మెషీనంత సబ్‌వూఫర్ స్పీకరు పెట్టె ఒకటి పెట్టుకుని చర్చి ఆర్గాన్ రికార్డులు వినేవాడు. ఆర్గాన్ అడుగు స్వరం మనిషి పక్కన వచ్చి కూర్చున్నట్టుండాలి గాని ఇల్లు కూలుతున్నట్టు ఉండకూడదని అతని పట్టుదల.

పెట్టెని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఆ పిచ్చివాళ్ళందరూ చేసే పని ఒకటుంది. తాము కూర్చునే కుర్చీలోకి పెట్టెని ఎత్తి, దానిచేత పాడించి, గోడల వెంట మోకాళ్ళమీద పాకుతారు. చెవికి బాస్ ఎక్కడ నిండుగా వినిపిస్తే పెట్టెకి అదే చోటు. ఒకసారి చేసి వదిలేసే పని అది. ఆ ఆగస్టులో డెస్ మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏం ముసలాడా, కట్టుడుపళ్ళు పోయాయా?" నోలీన్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడింది.

"కదలకు. నువ్వు నిలబడ్డా లెక్క మారుతుంది."

"అంత లావయ్యానా?"

"కాలేదని ఎవరన్నారు?"

ఆమె నవ్వింది. అతను మాత్రం తూర్పు మూలలో, పియానో పక్కన, చెంప నేలకి ఆనించి ఉండిపోయాడు. పాట అయిపోయినా లేవలేదు.

"ఇక్కడ బాస్ నిలవట్లేదు," అన్నాడు చివరికి.

"పోతే పోనీ."

"పోతోంది. ఎటు పోతోందో తెలియట్లేదు."

వెస్టన్‌లో ఇళ్ళ కింద ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోరు. వందేళ్ళనాటి బొగ్గు సొరంగాలు, సగం పటాల్లో ఉన్నవి, సగం లేనివి. పై వీధిలో ఒక ఇంటి పెరడు కుంగినప్పుడు గనులమీద నేల కుంగడం చూసుకునే ఆఫీసువాళ్ళు వచ్చి చుట్టూ కంచె వేశారు. ఆ ఇంటివాళ్ళు దుప్పట్లు చంకన పెట్టుకుని సాయంత్రానికల్లా వెళ్ళిపోయారు, మళ్ళీ లోపలికి అడుగుపెట్టలేదు. ఆరోజు నోలీన్ అంది: "నన్ను నా ఇంట్లోంచి తీసుకెళ్ళాలంటే శవప్పెట్టెలో పెట్టి మోసుకెళ్ళాల్సిందే." డెస్ విన్నాడు. అతను విన్న చప్పుడేదీ మరచిపోయే మనిషి కాడు.

గురువారం మధ్యాహ్నాలు కొలిచేవాడు. బొగ్గు రైలు చివరి పెట్టె దాటేదాకా ఆగి, కుర్చీ దగ్గర మైకు నిలబెట్టి, అడుగునుంచి పైకి ఒక్క స్వరాన్ని నెమ్మదిగా సాగదీసేవాడు. ఏ లోతు స్వరం ఎంత నిండుగా ఉందో కంప్యూటర్‌మీద గీతగా వచ్చేది. నలభై హెర్ట్జ్ దగ్గర ఒక పల్లం ఎప్పుడూ ఉండేదే. అది గది పొడవువల్ల పుట్టింది, గోడలు ఉన్నచోట ఉన్నంతకాలం అదీ కదలదు. ఇప్పుడు ఇరవై ఏడు దగ్గర ఇంకొకటి పుట్టింది. మరుసటి గురువారానికి అది ఇరవై అయిదుకి జరిగింది. ఆ పైవారం ఇరవై మూడు.

తగ్గినచోట బాస్ పెంచాడు. గీత చదునైంది. వారం తిరిగేసరికి మళ్ళీ కుంగితే మళ్ళీ పెంచాడు. గనిలో కప్పు బోలుగా పలికితే దానికి సున్నం కొట్టి ముందుకు నడిచే మనిషి కాదతను. ఇంట్లో మాత్రం మూడు వారాలు అదే చేశాడు. చివరికి సబ్‌వూఫర్ పొర తట్టుకోలేక టపటపా కొట్టుకుంది.

ఆ తరవాతే పియానో. పక్కవీధి కెవ్ డ్రింక్‌వాటర్‌ని సాయం పిలిచాడు.

"ఒరేయ్ డెస్, దీన్ని ఎత్తితే నా నడుం నీ సబ్‌వూఫర్‌కంటే లోతుగా మూలుగుతుందిరా."

"నోరు మూసుకుని పట్టు."

"వెలుగు అక్కడే కదా బాగుండేది," అంది నోలీన్.

"బాస్‌కి దీని తీగలు మోగుతున్నాయి. పాట పాడైపోతోంది."

నిజంలాగే ఉంది. తరవాత రికార్డుల బీరువా జరిగింది. ఆ తరవాత పుస్తకాల అర. సెప్టెంబరు మొదట్లో, ఆ మూలకి గోడ అవతలే ఉన్న పడకగది మంచాన్ని వీధిగదిలో వేద్దామన్నాడు.

"నా మంచానికీ నీ బాస్‌కీ ఏమిటయ్యా సంబంధం?"

"గోడ ఊగుతుంది."

"నలభై రెండేళ్ళు ఊగని గోడ!" అంటూనే తలగడలు మోసింది.

ఒకరోజు ఆమె బౌలింగ్ క్లబ్బునుంచి తొందరగా వచ్చేసింది. ఇంట్లో పాట లేదు. డెస్ చేతిలో గనినాటి కర్ర ఉంది. అడుగడుగునా నేల తట్టుకుంటూ, తల ఓరగా పెట్టి వింటూ వెనక గదిలోకి నడుస్తున్నాడు. నడవాలో గట్టిగా పలికింది. గది మధ్యలో కొంచెం మెత్తబడింది. తూర్పు మూలలో డోలు. నోలీన్ చెవికి కూడా అది డోలే.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

అతను ఉలిక్కిపడలేదు. "చెక్క నేల కిందున్న సందులోకి పాకి చూశాను. ఆ మూలని మోసే ఇటుక స్తంభం గాలిలో వేలాడుతోంది. కింద చెయ్యి పెట్టాను."

"ఎంత లోతుంది?"

"చేతికి మన్ను తగల్లేదు."

ఇద్దరూ నడవాలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ అనకుండానే గొంతులు తగ్గాయి.

"ఆఫీసువాళ్ళకి చెప్తావా?"

అతను కర్రని గోడకి ఆనించాడు.

"చెప్పావంటే ఈ ఇంట్లో మళ్ళీ పడుకోం, డెస్. పియానో తీశావు. మంచం తీశావు. ఇంక ఈ పక్కనే ఉందాం, అటు పోనే వద్దు. అంతే కదా?"

"ఈ పక్క ఎన్నాళ్ళు గట్టిగా ఉంటుందో నాకు తెలియదు."

"నామీద ఒట్టు. చెప్పకు."

అతను వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టుకుని తాగాడు. రేడియోలో శుక్రవారంనుంచి వానలన్నారు. నోలీన్ దాని నోరు నొక్కేసింది.

మర్నాడు పొద్దున ఆమె వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే వెనక గదిలో ఆ సాగే స్వరం మొదలైంది. నెమ్మదిగా పైకి పాకుతూ పాకుతూ ఒకచోట పూర్తిగా మాయమైంది. ఆ మౌనంలో ఆమె కాళ్ళకింద నేల మాత్రం సన్నగా వణికింది. వంటగది వీధివైపు ఉంది. ఇన్నాళ్ళూ గట్టి పక్క అనుకున్నది ఇదే. నోలీన్ కుళాయి కట్టేసింది.

స్వరం మళ్ళీ పెట్టలేదు. ఆ గీతల కాగితాలు అచ్చయిన చప్పుడు వినిపించింది, ఒకటి, రెండు, మూడు, ఇంకా. బూట్ల చప్పుడు నడవాలో వచ్చి, వంటగది గుమ్మం ఇవతలే ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమంటుందో ఆమెకే తెలియదు. కాసేపయ్యాక బూట్లు కదిలాయి. వీధి తలుపు తెరుచుకుని, మూసుకుంది.

కిటికీలోంచి చూసేసరికి అతను అట్ట ఫైలుని పక్కసీటులో పెట్టి బండి తీస్తున్నాడు. ఊళ్ళో పనులకైతే ఎడమకి తిరగాలి. బండి కుడికి, ఆఫీసున్న న్యూకాజిల్ దారికి తిరిగింది. వెళ్ళొస్తానని అతను చెప్పలేదు.