ఎంగిలి అర

మాస్టారు ఆఖరుగా చేసిన పని ఒక పుస్తకానికి అర మార్చడం. బీరువా కింది అరలోంచి పల్చటి నాటకం ఒకటి తీసి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, కుర్చీ ఎక్కి పై అరలో పెట్టాడు. ఈ వయసులో కుర్చీలెక్కే సరదా ఏమిటో అని భార్య విసుక్కుంది. మర్నాడు పొద్దున టీ తెచ్చి లేపితే ఆయన లేవలేదు.

కాలేజీలో ఆయన అసంబద్ధ నాటకాలు చెప్పేవాడు. తలాతోకా లేని మాటలు, ఎటూ తేలని కథలు. ఏది సర్కస్ జోకర్ల నుంచి పుట్టిందో, ఏది మూకీ సినిమాల నుంచో, ఏది యుద్ధం చూసిన కళ్ల నుంచో ఇట్టే తేల్చేసేవాడు. ఇంట్లో బీరువాలో పై అర మూలపురుషులది, నడిమి అర వారసులది, కింది అర ఎంగిలి రాతలది.

భార్య తమ్ముడు పోస్టాఫీసులో గుమాస్తా. ఒకే ఒక్క నాటకం రాశాడు. అందులో మొగుడూ పెళ్లాం ఆపకుండా మాట్లాడుకుంటారు. ఒకరి ప్రశ్నకి ఒకరు జవాబు చెప్పరు. ప్రదర్శన అయ్యాక మాస్టార్ని వేదిక మీదకి పిలిచారు. బావ రెండు మంచి మాటలంటాడని తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా బావమరిది పరాయి కంచాల్లో బాగానే భోంచేశాడు," అన్నాడు మాస్టారు. "నాలుగు విదేశీ నాటకాల ఎంగిలి ఇది."

హాలు గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. ఆ తర్వాత కలం ముట్టుకోలేదు.

కొన్నాళ్లకి పాఠం కోసం ఆ నాలుగు విదేశీ నాటకాలూ మళ్లీ చదువుతుంటే మాస్టారికి తన తప్పు తెలిసింది. వాటికీ బావమరిది నాటకానికీ ఆవగింజంత పోలిక లేదు. జనాన్ని నవ్వించబోయి నోరు జారాడు, అంతే. అప్పట్నుంచి బావమరిది ఇంటికొస్తే తలెత్తలేకపోయేవాడు. చొక్కా బాగుందనేవాడు, పిల్లల చదువులడిగేవాడు. అసలు మాట ఎత్తేవాడు కాదు. తప్పయిందని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయిందని ఆమె పోరేది.

"అందరి ముందు అన్నదానికి వంటింట్లో క్షమాపణ ఏమిటే, సిగ్గులేకపోతే సరి," అనేవాడు.

ఆ ఆఖరి సాయంత్రం వాడి నాటకం పై అరలో పెట్టి కుర్చీ దిగి, ఆదివారం నాటకాల సభలో తప్పు ఒప్పేసుకుంటాను, వాణ్ణి రమ్మని ఫోన్ చెయ్యమన్నాడు. రేపు చేద్దాంలే అనుకుందామె.

కర్మలకి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పింది.

"బావకి నా మీద కోపం వచ్చిందనుకున్నానక్కా. మొహం చెల్లకే మళ్లీ రాయలేదు."

"కోపం దేనికిరా?"

"మిమ్మల్నిద్దర్నీ స్టేజీ ఎక్కించానని. సెలవుల్లో మీ ఇంట్లో ఉన్నప్పుడు పక్క గదిలోంచి విన్న మాటలే అవన్నీ."