చివరి బల్ల దగ్గర డయల్

సోమవారం పొద్దున షిఫ్టు మొదలుకాక ముందే మొవ్వ నుంచి ఫోన్ వచ్చింది. మా రొయ్యల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మావయ్యగారు, ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చారట. మళ్లీ లేవలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బందరులో మా ఫ్యాక్టరీ మొత్తానికీ ఆయన మావయ్యగారే. ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా నేను ఆయనతో పోట్లాడినంతగా ఎవరితోనూ పోట్లాడలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ నేనే రాయాలనిపించింది.

మా లైనులో మూడు బెల్టులు. మొదటిదాని మీద రొయ్యల్ని కడుగుతారు, రెండోదాని మీద ఏరుతారు, మూడోది ట్రేలు నింపే చోటికి చేరుస్తుంది. ఒక్కో మోటారుకి ఒక్కో డ్రైవ్, అంటే వేగాన్ని పెంచి తగ్గించే పెట్టె. అప్పట్లో మూడింటికీ మూడు డయల్స్ ఉండేవి. ఒకటి పెంచి ఇంకోటి మర్చిపోతే రొయ్యలు గుట్టపడి నేలమీదికి జారేవి. తిట్లు మాత్రం చివరి బల్ల దగ్గర ట్రేలు నింపే అక్కకి. వయసుతో ఆవిడ వేళ్లు బిగుసుకుపోయాయి. ఆవిణ్ణి మాన్పించేయమని పైవాళ్లకి చెప్పింది నేనే.

"ముందు మూడింటికీ ఒకే డయల్ పెట్టనీ అమ్మాయ్. మనుషుల సంగతి తర్వాత చూద్దువుగాని" అన్నారు మావయ్యగారు.

పెట్టారు. తీరా తిప్పితే మధ్య బెల్టు ఒక్కటే పరుగు. దాన్ని తిప్పే పుల్లీ పెద్దది. నేను నవ్వాను. ఆయన ఏమీ అనుకోలేదు. మూడు బెల్టుల మీదా సుద్దగీత గీసి, చేతిగడియారం విప్పి పట్టుకుని, రెండు రోజులు గొంతుక్కూర్చుని చుట్లు లెక్కపెట్టారు. "మూడింటికీ మాట ఒకటే చెప్పాలి. కానీ ఎవరి కాళ్లు వాళ్లవి కదా" అంటూ డయల్ తిప్పితే ఏ డ్రైవ్‌కి ఎంత వేగం అందాలో విడివిడిగా సరిచేశారు. పిల్లలకి జ్వరం చూసినట్టు ఒక్కో మోటారునీ చేతి వెనకవైపుతో తాకి చూసుకుని గానీ లేచేవారు కాదు.

ఆ డయల్ నా గదిలో ఉండాలన్నాను. "నీ గదిలోంచి బెల్టు కనిపిస్తది. చేతులు కనపడవు" అన్నారు. నేను పట్టుబట్టేసరికి బిగించారు. బిగించి, "నీకు కావాల్సినంత స్పీడు పెట్టుకుని, ఓ గంట ఆ అక్క చోట నిలబడు" అన్నారు. అదెంత పని అనుకున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు. రొయ్యలు నా చేతుల మీంచే జారిపోతున్నాయి. "మావయ్యగారూ, తగ్గించండీ!" అని అరిచాను. నా గది అద్దం అవతల, డయల్ పక్కనే నిలబడి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. వినపడట్లేదట! ఆపేసే ఎర్ర బటన్ నా పక్కనే ఉంది. నొక్కితే పరువు పోతుందని నొక్కలేదు. ఇంతలో అక్క వచ్చి, మారుమాట లేకుండా సగం రొయ్యలు తన ట్రేలోకి లాక్కుంది. ఈవిణ్ణా నేను మాన్పించమన్నది అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే డయల్ అక్క చేతికి అందేచోటికి మారింది. మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు. మావయ్యగారికి థాంక్స్ మాత్రం ఏనాడూ చెప్పలేదు. రిటైరైన రోజున చెబుదామని దగ్గరికి వెళ్తే, "బేరింగులకి గ్రీజు పెట్టించడం మర్చిపోకమ్మాయ్" అని ఆయనే ముందు మాట్లాడి బస్సెక్కేశారు.

మొవ్వలో భూస్థాపన అయిన మర్నాడు షిఫ్టు మొదలైంది. అక్క డయల్ దగ్గర నిలబడిపోయింది.

"ఇవాళ మీరు తిప్పండి మేడమ్ గారూ."

"నీ చేతికిచ్చారు కదక్కా. నువ్వే తిప్పు."

ఆవిడ గ్లవ్ తీసి, బిగుసుకుపోయిన ఆ వేళ్లతోనే మెల్లగా తిప్పింది. రొయ్యలు ఇంకా పొయ్యలేదు. తడి బెల్టులు మూడూ ఒక్కసారే కదిలి, ఖాళీగా, కలిసి నడవసాగాయి.