కంపోజిటర్ పొరపాటు

మా పత్రికలో తప్పు పడితే తరువాతి సంచికలో సవరణ తప్పకుండా పడేది. ఆ సవరణ ఎప్పుడూ ఒకే మాటతో మొదలయ్యేది: "కంపోజిటర్ పొరపాటు వల్ల." ఆ కంపోజిటర్‌ని నేనే. మొత్తం మీద వచ్చినవి ఆరు సంచికలు. అందులో నాలుగింట్లో నన్ను పదిమంది ముందర నిలబెట్టి కడిగేసినారు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ ఎండాకాలంలో నాకు వీధిలో ఉన్న ట్యాంకుల కన్నా మా సంపాదకుడి మీదే ఎక్కువ కోపం ఉండేదంటే మీరు నమ్మరు.

మాది కువైట్ సిటీ మిర్కాబ్‌లో ఒక సందులో చిన్న ప్రెస్సు. రసీదు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, హోటళ్ళ మెనూలు అచ్చేసేవాళ్ళం. ప్రెస్సు యజమాని కువైటీ, మా కఫీల్, ఎండలకు తట్టుకోలేక కుటుంబంతో యూరప్ పోయి, తన దేశం పోయిందని అక్కడే టీవీలో చూసుకున్నాడు. ప్రెస్సులో మిగిలింది ఇద్దరం. నేను కడప జిల్లావాణ్ణి, అక్షరాలు పేర్చేవాణ్ణి. ఆయన కోనసీమ మనిషి, మేనేజరు. యాభై దాటినాయి. బయట తుపాకులు పేలుతున్నా ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు లేకుండా కనపడేవాడు కాదు.

ఆయన కొంపముంచింది ఒక ఇంగ్లీషు పుస్తకం. ఎవరో దొర దేశం విడిచిపోతూ అమ్మేసిన పాత సామాన్లలో దొరికిందంట, అట్టలు కూడా లేవు. ఎప్పుడో వెనకటి కాలంలో అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళలో పత్రికలు నడిపిన ప్రింటర్ల సంగతులు అందులో ఉండేవి. నలభై ఇళ్ళ ఊరికి ఒకాయన ఎద్దుల బండిలో అచ్చు యంత్రం వేసుకొని పోతాడంట. వార్త రాసేది ఆయనే, అక్షరాలు పేర్చేది ఆయనే, అచ్చేసేది ఆయనే, వీధిలో అరిచి అమ్మేదీ ఆయనే. చందా కట్టలేనివాళ్ళు కట్టెలు, గుమ్మడికాయలు, ఒక్కోసారి పందిపిల్లను తెచ్చి వాకిట్లో వదిలేవాళ్ళంట. ఊరి పెద్దను తిడుతూ రాస్తే ఆ పెద్ద తుపాకి పట్టుకొని వచ్చేవాడంట. ఈ భాగవతం మొత్తం నేను రోజూ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వినాల. మా మేనేజరుకు తాను పొరపాటున కోనసీమలో పుట్టిన అమెరికా ప్రింటర్‌నని గట్టి నమ్మకం.

కువైట్‌లో పేపర్లు ఆగిపోయినాయి. రేడియోలో ఒకటి చెప్తే రొట్టెల లైనులో ఇంకొకటి చెప్పేవాళ్ళు. ఓడలు వచ్చినాయని ఒకడు, విమానాలు కూలినాయని ఒకడు. అప్పుడు ఈయన అటక మీద నుంచి రెండు పెట్టెల సీసపు తెలుగు అక్షరాలు దించినాడు. అవి ఉగాది ఆహ్వానాల కోసం రాజమండ్రి నుంచి ఓడలో తెప్పించినవి. ఆ సీసం చూసి తుపాకి గుండ్లనుకొని రేవులో మూడు వారాలు పట్టి ఉంచినారంట. వాళ్ళకే ముందుచూపు ఉండింది, నాకు లేకపోయింది.

"ఆయ్, మనం పత్రిక పెట్టేద్దామయ్యా," అన్నాడు. "మన తెలుగోళ్ళకి నిజం చెప్పేవాడు ఉండాలి కదా. నా పత్రికలో అబద్ధం పడదు. రాసిపెట్టుకో."

"దొరికితే కాల్చేస్తారు సార్," అన్నాను.

"వాళ్ళనీ బెదిరించేరయ్యా. ఆగేరా?" అన్నాడు. వాళ్ళంటే అమెరికావాళ్ళు.

మాది కాలితో తొక్కే ట్రెడిల్ మిషను. కరెంటు పోయినా ఆగదని ఆయన మురిసిపోయినాడు. తొక్కే కాలు ఎవరిదో ఆయనకు గుర్తు రాలేదు. వారానికొకసారి, ఒకే కాగితం, ఒక పక్కే అచ్చు. హవల్లీలో రొట్టెల బట్టీలో పనిచేసే మా జిల్లా మనిషి ఖుబూస్ రొట్టెల మధ్య మడిచిపెట్టి తెలుగు ఇళ్ళకు చేర్చేవాడు. బదులుగా ఒకరు ఉల్లిగడ్డలు, ఒకరు పాలడబ్బా పంపించేవాళ్ళు. ఒకసారి కందిపప్పు వచ్చింది. మా సంపాదకుల వారికి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. "చూసేవా, అచ్చం అక్కడిలాగే!" పందిపిల్ల ఒక్కటి రాలేదని లోపల కొరతగానే ఉండినట్టుంది.

కాగితంలో మూడొంతులు ఆయన సంపాదకీయమే. పత్రికా స్వేచ్ఛ గురించి, సందు చివర సైనికుడు మా ఇడ్లీపాత్ర ఎత్తుకుపోయిన రోజున కూడా పత్రికా స్వేచ్ఛ గురించే. దాన్ని చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. జనం చదివింది అడుగున గీతల మధ్య ఉండే చిన్న డబ్బాను. బస్సు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ నుంచి పోతాదో అందులో ఉండేది. మనవాళ్ళు కొందరు కలిసి ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు బస్సులు పెడుతుండిరి. అమ్మాన్ చేరితే అక్కడ నుంచి మన విమానం. ఆ డబ్బా చదివే వాళ్ళలో మా అక్క ఒకతి.

అక్క జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలు, పిల్లలు, అందరూ రెండు కార్లలో సౌదీకి పారిపోయినారు. కార్లలో పిల్లికి కూడా చోటు దొరికింది, మా అక్కకు దొరకలేదు. "ఇల్లు చూసుకో" అని చెప్పి పోయినారంట. అక్కకు చక్కెర జబ్బు. రోజూ సూది పడాల. ఆస్పత్రులు ఖాళీ అయినాయి, మందులషాపులు దోచేసినారు. ఫ్రిజ్జులో ఉన్న మందు లెక్కేస్తే పద్నాలుగు రోజులకు వచ్చింది. ఆ లోపల ఆమెను అమ్మాన్ చేర్చాల. నాకు ఆ నెలలో ఉన్న పని అదొక్కటే, మిగతాదంతా ఆయన సంపాదకీయాలు.

ఆ ఇంట్లో ఫోను తీగలు తెగిపోయినాయి. నేను పోదామంటే దారిలో మూడు చోట్ల సైనికులు ఆపేవాళ్ళు, మొగవాళ్ళను దింపి గంటలు నిలబెట్టేవాళ్ళు. అందుకని అక్కకు కబురు చేరేది రొట్టెలోనే. "పత్రికలో బస్సు సంగతి పడతాది, చూసుకొని వచ్చెయ్, నేను కూడా ఎక్కుతా" అని ముందే చెప్పి పెట్టి ఉన్నాను. ఎక్కాల్సినవాళ్ళ పేర్లు రాసుకునేది కూడా మా ప్రెస్సులోనే. అక్క పేరు, నా పేరు, సంపాదకుడి పేరు రాయించినాను.

ఇప్పుడు మా పనిలో ఒక అలవాటు చెప్పాల. ప్రతి వారం వచ్చే ముక్కను ఎవడూ మళ్ళీ మొదటి నుంచి పేర్చడు. పేర్చిన సీసం అక్షరాలను దారంతో కట్టి ఒక మూల అట్లే పెట్టుకుంటాడు. వారం తిరిగినాక అందులో రోజు, చోటు మాత్రం మార్చి ఫారం అనే ఇనప చట్రంలో బిగిస్తాడు. మా బస్సు డబ్బా అట్లా కట్టి పెట్టిన ముక్కే. పోయిన వారం బస్సు శుక్రవారం పొద్దున, హవల్లీలో బడి ముందర నుంచి. ఈ వారం ఆ బడిలో సైనికులు దిగినారని మార్చి, గురువారం పొద్దున, మిర్కాబ్‌లో మా సందు చివర నుంచి పెట్టినారు.

బుధవారం పత్రిక రావాల. మంగళవారం సాయంత్రం ఆయన సంపాదకీయానికి ఇంకో ఇరవై లైన్లు తగిలించుకొని వచ్చినాడు. "ఇది పడకపోతే చరిత్ర మనల్ని క్షమించదయ్యా," అంటాడు. చరిత్ర సంగతి నాకు తెలీదు, నా వేళ్ళు పడిపోతుండినాయి. పళ్ళు కొరుక్కుంటా ఆ ఇరవై లైన్లు పేర్చినాను. చోటు చాలక అదీ ఇదీ జరిపినాను. ఆ కోపంలో మూలనున్న బస్సు ముక్కను తీసి, దారం విప్పి, ఉన్నది ఉన్నట్టే ఫారంలో బిగించేసినాను. ఆయన ప్రూఫు చూసినాడు. తన సంపాదకీయాన్ని రెండుసార్లు, పైకి, రాగం తీసి చదువుకున్నాడు. అడుగున ఉన్న డబ్బా ముఖం చూడలేదు.

గురువారం పొద్దున సందు చివర బస్సు వచ్చింది. సగం సీట్లు ఖాళీ. నోటిమాటగా విన్న దగ్గరివాళ్ళే వచ్చినారు, జాబితాలో మిగతా ముప్పై మంది లేరు. అక్క లేదు. ఏమైందబ్బా అని చేతిలో ఉన్న పత్రిక విప్పినాను. శుక్రవారం. హవల్లీ బడి. నా చేత్తో నేను పేర్చిన అక్షరాలు. సంపాదకుడు వచ్చి చూసి, అలవాటు మానుకోలేక, "వచ్చే సంచికలో సవరణ..." అన్నాడు. ఆ మాటకు ఆయన్ను పట్టుకొని కొట్టి ఉందును. బస్సువాడు "యల్లా, యల్లా" అని తొందరపెట్టి, హారన్ కొట్టి పోయినాడు.

శుక్రవారం పొద్దునకే హవల్లీ పోయినాను. నా వెనక ఆయన కూడా వచ్చినాడు, ఇస్త్రీ చొక్కా వేసుకొని. బడి గేటు ముందర ముప్పై మంది పెట్టెల మీద కూర్చొని ఉన్నారు, ప్రతి ఒక్కరి చేతిలో మా పత్రిక. గేటు లోపల నుంచి ఒక సైనికుడు వచ్చి "షునూ హాదా?" అంటే ఏందిది అని ఒక కాగితం లాక్కొని, తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూసినాడు. మా సంపాదకీయాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి లోకంలో వాడొక్కడే.

అక్క చివరన గోడ పక్కన ఉంది. ఒళ్ళో ఫ్లాస్కు. దాంట్లో ఐసుముక్కలు, ఐసుముక్కల మధ్య మందు. నన్ను చూసి నవ్వింది.

"యాడ రా బస్సు?"

"నిన్ననే పోయింది అక్కా. నేనే తప్పేసినాను."

నవ్వు ముఖం మీదనే ఆగిపోయింది. "నీ చేత్తో పేర్చింటావని నమ్మితి గదరా. పేపరులో పడింది గదా అని ఇంకొకర్ని అడగను కూడా లేదు," అనింది. తిట్టలేదు. తిట్టింటే బాగుండేది. ఫ్లాస్కు మూత తీసి చూసి, "ఇంక ఆరు రోజులకుంది," అనింది.

తరువాతి బస్సు సోమవారం. ఆ బస్సు జాబితా అప్పటికే నిండిపోయి ఉండింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి, కాళ్ళు పట్టుకొని, నడవలో నిలబడి పోయేట్టుగా ఆ ముప్పై మంది పేర్లనూ, మా ఇద్దరివీ ఇరికించినాడు. ఈ మనిషి ఎవరి కాళ్ళైనా పట్టుకోగలడని నాకు అంతవరకూ తెలీదు. ఆఖరికి ఒక మనిషికి చోటు తక్కువైంది.

"నా పేరు కొట్టేసి అక్కది ఉంచండి సార్," అన్నాను.

"ఎడారిలో జబ్బు మనిషిని ఒక్కర్తినీ పంపుతావా? బుద్ధుందా?" అని, జేబులోంచి పెన్ను తీసి తన పేరు కొట్టేసినాడు. నేను నోరు తెరిచేలోపలే, "పత్రిక ఆపేసి సంపాదకుడు వెళ్ళిపోకూడదయ్యా. ఆ పుస్తకంలో ఎవరూ అలా వెళ్ళలేదు," అన్నాడు. ఆ పుస్తకాన్ని నేను తిట్టుకోకుండా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. కంగారు పడొద్దు, ఆ తరువాత నెలకు ఆయన కూడా బయటపడి కోనసీమ చేరినాడు. నేను జాబు రాస్తే, అందులో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టి జవాబు రాసినాడు.

బస్రా, బాగ్దాద్, ఆ పైన అంతులేని ఇసుక. అక్క సగం సగం మందు వేసుకుంటా వచ్చింది. ఆఖరి రోజు కళ్ళు తిరిగి నా భుజం మీద ఒరిగిపోయింది. సరిహద్దు డేరాల్లో డాక్టరు సూది వేసిన దాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. అమ్మాన్ దగ్గర డేరాల్లో విమానం కోసం పడి ఉన్నప్పుడు, మా వెనక వచ్చిన బస్సువాళ్ళు రొట్టెల మూటలో ఆరో సంచిక తెచ్చినారు.

ఆయనే పేర్చుకున్నాడు, ఆయనే తొక్కి అచ్చేసుకున్నాడు. లైన్లు వంకర, నాలుగైదు అక్షరాలు తలకిందులు. సంపాదకీయం లేదు. సంపాదకీయం ఉండే చోట, పెద్ద అక్షరాల్లో సవరణ ఉండాది. అక్క కూడబలుక్కుంటా పైకి చదివింది.

"గత సంచికలో బస్సు కబురు తప్పు పడినది. ఇది సంపాదకుని పొరపాటు. మారిన చోటు అతడు కంపోజిటరుకు చెప్పుట మరచినాడు. ఇందులో కంపోజిటరు దోషమేమియు లేదు. ఎండలో నిలబడిన ముప్పై మందికి సంపాదకుని క్షమాపణలు."

చెప్పినాడు. చోటు మారిందని ఆయన నాకు సోమవారం ఒకసారి, మంగళవారం ఇంకోసారి చెప్పి, చీటీ మీద రాసి కూడా ఇచ్చినాడు. ఆ చీటీ నా చొక్కా జేబులో అమ్మాన్ దాకా వచ్చి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. చుట్టూ జనం చూస్తున్నా ఏడ్చినాను.

అక్క ఆ కాగితం మడిచి, నా వైపు చూసింది. "తప్పు నీది గదరా. ఆయప్ప ఎందుకు ఇట్లా రాసినాడు?"

"ఆరు సంచికల్లో ఆయన వేసిన అబద్ధం అదొక్కటే అక్కా," అన్నాను.