చేత్తో బిగించాల్సిన ఫిల్టరు

మా బామ్మర్ది శనివారం పొద్దున పోయాడు. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగింది. జోడ్‌భావి పేటలో వాడి ఇంటి ముందు పాడె లేపేటప్పుడు ముందుగా భుజం పెట్టింది ఎవరనుకున్నారు? మా పాత కార్ఖానా జాబరు. మగ్గాలు బిగించి బాగుచేసే మనిషిని మా దగ్గర జాబరు అంటాం. "మంచోడు పాయె" అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇన్నేళ్ళుగా లోపల పెట్టుకున్నది ఇక ఆగలేదు. వాడి మెడ పట్టి లాగి గోడకేసి కొట్టాను. నలుగురు నన్ను గట్టిగా పట్టుకున్నారు. "పీనుగ ముందట కొట్లాట ఏందే, తాతా?" అన్నారు. పీనుగ ముందు ఆ దొంగ ఏడుపు ఏమిటని ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను. నాకు రాత అంతగా రాదు. వచ్చిన కాడికి రాస్తాను.

మా బామ్మర్ది కార్ల మిస్త్రీ. అశోక్ చౌక్ దగ్గర రేకుల కింద వాడి గ్యారేజీ. చేతులు కిరోసిన్‌తో, రంపపు పొట్టుతో కడిగేవాడు. ఎంత కడిగినా అన్నం ముద్దకు ఆ వాసనే. మేముండేది మరాఠీవాళ్ళ ఊళ్ళో. ఇంజన్‌ను మరాఠీలో తిట్టేవాడు, నన్ను తెలుగులో. కోపం వస్తే పానా చేతిలో నిలిచేది కాదు. ఒకసారి అది వచ్చి నా కనుబొమ మీద తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కారుతున్న నెత్తురు తన తువ్వాలతో అదిమి పట్టి, "నేను గోడను కొడుతున్న బావా, నువ్వెందుకు నడుమల నిలబడ్డవ్?" అని నన్నే కసిరాడు.

అంత మొరటోడు, కొత్త ఆయిల్ ఫిల్టరు ఎక్కించేటప్పుడు మాత్రం పసిపిల్లకు తల అంటినట్టు చేసేవాడు. రబ్బరు రింగుకు వేలితో నూనె రాసి, చేత్తోనే తిప్పి, ఆగిన చోట వదిలేసేవాడు. ఎవరైనా పానా అందిస్తే తన్నేంత పని చేసేవాడు. "చెయ్యి ఆగినకాడ ఆగాలె. ఇది మగ్గం కాదు" అనేవాడు.

మగ్గం సంగతి వేరు. పవర్‌లూమ్ పొద్దంతా దడదడ కొట్టుకుంటుంది, ప్రతి నట్టూ వదులవుతుంది. అందుకే మేం ఏది బిగించినా ఒంట్లో బలమంతా పెట్టి బిగిస్తాం. మా ఇళ్ళలో మగవాడు మూత పెట్టిన పచ్చడి సీసా మళ్ళీ మగవాడే తీయాలి. జాబరు మా సేఠు కారుకు ఫిల్టరు అలాగే బిగించాడు. కార్ఖానా వాకిట్లో కారు కింద పడుకుని, గోడకు కాళ్ళు తన్నిపెట్టి, పైపు పానాతో. నా మగ్గం కిటికీ పక్కనే. కళ్ళారా చూశాను. "గట్టిగ లేకుంటే ఊడిపోతది, అన్నా" అని నాతోనే అన్నాడు. అది తప్పని నేననను. నేనైనా అంతే చేసేవాణ్ణి.

కొన్ని నెలలకు నూనె మార్చడానికి అదే కారు మా బామ్మర్ది గ్యారేజీకి వచ్చింది. తోలుకొచ్చింది జాబరే. నేను షిఫ్టు దిగి అక్కడే చాయ్ తాగుతున్నాను.

ఫిల్టరు కదలలేదు. మా బామ్మర్ది గుడ్డ చుట్టి తిప్పాడు. గొలుసు పానా వేశాడు. అది జారి వాడి మెటికలు ఇంజన్‌కు గుద్దుకుని తోలు లేచిపోయింది. "కుణీ బసవ్‌లా రే హా?" అని అరిచాడు, ఎవడురా దీన్ని బిగించింది అని. జాబరు ఆకాశం చూశాడు. జనం పోగయ్యారు. నేను కార్ఖానాకు పరుగున వెళ్ళి మగ్గం మీద నూలు నాడెను అటూ ఇటూ విసిరే కర్రకు కట్టే తోలుపట్టా తెచ్చాను. ఫిల్టరుకు చుట్టి, కర్ర దూర్చి ఇద్దరం గుంజాం. నూనెకు జారి ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

"ఏం మిస్త్రీ, బావబామ్మర్దులు ఇద్దరు గూడి ఒక్క డబ్బా తీయలేకపాయిరి!" అని ఎవడో నవ్వాడు.

దాంతో వాడికి ఒళ్ళు మండింది. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని ఫిల్టరు కడుపులోకి సుత్తితో దించాడు. ఇటు దిగి అటు తేలింది. వేడి నల్ల నూనె వాడి ముఖం మీద, ఛాతీ మీద చిమ్మింది. తుడుచుకోలేదు. ఆ కడ్డీ పట్టి తిప్పితే రేకు చిరిగింది గానీ మూతి కదలలేదు. లోపలి కాగితం మడతలు పేగుల్లా వేలాడాయి. చివరికి అంచుకు ఉలి ఆనించి కొట్టాడు. "దిగు! దిగు!" అంటూ పగవాణ్ణి కొట్టినట్టు కొట్టాడు. కీచుమని అరిచి ఊడివచ్చింది.

రొప్పుతూ ఆ రేకు నా ముందు పెట్టాడు. "ఈ గాట్లు జూడు బావా. నా గొలుసువి కావు. పైపు పానా పండ్లు." ఫిల్టరు కూర్చునే చోట ఇంజన్ మీద సన్నని పగులు ఉంది. గోరుతో గీకితే నల్లటి మడ్డి వచ్చింది. "ఇయ్యాల పగిలితే తెల్లగ మెరుస్తది. ఇది బిగించిననాడే పగిలింది."

అంతలో సేఠు వచ్చాడు. చూసింది ఏమిటి? తునకలైన ఫిల్టరు, పగిలిన ఇంజను, మా బామ్మర్ది చేతిలో సుత్తి. జాబరు వేలు చూపించాడు. "పోయినసారి బిగించింది గూడ ఈయననే, సేఠ్. నేనైతే ముట్టనే లేదు."

"అబద్ధం! నువ్వు బిగించంగ నేను జూసిన!" అని అరిచాను.

"నీ బామ్మర్ది గద, నువ్వు అట్లనే అంటవ్" అన్నాడు సేఠు.

సేఠు మనుషులు వాణ్ణి చౌక్ నడిమధ్యకు ఈడ్చి, నేను తెచ్చిన తోలుపట్టాతోనే బాదారు. వీపు చిట్లింది. నేను ఒకడి ముక్కు పగలగొట్టాను, ఇంకొకడి చెయ్యి ఎముక తగిలేదాకా కొరికాను. దానికి సిగ్గుపడను. దెబ్బల కింద వాడు అరిచింది ఒకటే: "పగులు జూడుండ్రి! పగుల్ల మడ్డి జూడుండ్రి!" ఎవరూ వంగి చూడలేదు.

ఆ తర్వాత వాడి రేకుల కిందికి కార్లు రాలేదు. పాత స్కూటర్లు, ఆటోలు, అంతే. వాడి పేరే మారిపోయింది, ఇంజన్ పలగొట్టినోడు అని. వాడి భార్య నాకు చెల్లె వరస. బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోతే, వెనక నిలబడ్డ ఒకామె "ఇంజన్ పలగొట్టినోని పెండ్లాం" అంది. మా చెల్లె చాటతో దాని ముఖం మీద కొట్టి, విరిగిన చాటతో ఇంటికి వచ్చింది. వాడు ఆ చాట అటూ ఇటూ తిప్పి చూసి, "మన ఇంట్ల నీ దెబ్బనే సక్కగ తగిలింది" అని నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

"పా, పోదాం. ఆ జాబరుగాని పండ్లు రాలగొడ్దాం" అని ఎన్నిసార్లు లేచానో. ప్రతిసారీ నా చొక్కా పట్టి కూర్చోబెట్టేవాడు.

"కొడితే భయానికి ఒప్పుకుంటడు బావా. అది నాకెందుకు? వాని నోటికెళ్ళి అదంతట అదే రావాలె."

పానా విసిరే ఆ చెయ్యి ఆ ఒక్క మనిషి మీద లేవలేదు. ఎదురుచూసింది. ఎదురుచూస్తూనే పోయింది.

జాబరూ, ఇది నీకే. నీకు చదవడం వచ్చు, నాకు తెలుసు. సేఠు పోయాడు. కార్ఖానా మూతబడింది. నిన్ను పనిలోంచి తీసేవాడు ఎవడూ లేడు. వచ్చే సోమవారం మా బామ్మర్ది పదోరోజు. కాకికి ముద్ద పెట్టి వచ్చాక అందరం వాకిట్లో కూర్చుంటాం. మా చెల్లె గడపలో ఉంటుంది. నువ్వు ఆమె ముందు నిలబడి, అందరూ వినేటట్టు "ఫిల్టరు బిగించింది నేను" అనాలి. అంతే. ఏడవొద్దు, కాళ్ళు పట్టుకోవద్దు. నేను చెయ్యి ఎత్తను. ఎత్తితే పట్టుకోమని మావాళ్ళకు ముందే చెప్పి పెట్టాను. నీ మోకాళ్ళు కూడా నావాటిలాగే పోయాయి కాబట్టి వాకిట్లో ఒక కుర్చీ వేయిస్తాను. కూర్చోవడానికి కాదు, పట్టుకుని నిలబడడానికి. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వను.

వస్తావా, రావా? సోమవారం విస్తళ్ళు ఎత్తేలోపు నాకు తేలాలి.